కోచ్ కూతురిది ఎన్నో వంతు?

చేసిన పని

పిల్లలకు ఆట నేర్పడం ఒక పని. ఏ పిల్ల ఏ జట్టులో ఆడాలో తేల్చడం ఇంకొక పని. 2009 సెప్టెంబరు నుంచి 2019 మే వరకు దుబాయ్‌లోని ఒక పిల్లల బేస్‌బాల్ క్లబ్బులో నేను చేసింది ఈ రెండో పని. నేర్పినవాళ్లను పిల్లలు గుర్తుపెట్టుకుంటారు. తేల్చినవాళ్లను తల్లిదండ్రులు గుర్తుపెట్టుకుంటారు, అదీ వేరే రకంగా.

నేను చదివిన వ్యాయామ విద్యా కళాశాల నుంచి ఇద్దరు అమ్మాయిలు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. వాళ్లకు గల్ఫ్‌లో ఇలాంటి ఉద్యోగమే దొరికిందట. "అక్కడ అసలు ఏం చెయ్యాల్నో మీరు చెప్పండి మేడం, ఇంటర్వ్యూల ఎవ్వరూ చెప్పలే" అన్నారు. జీతభత్యాల సంగతులు వాళ్లకు ఎలాగూ తెలుస్తాయి కనుక అవి వదిలేసి, ఎవరూ చెప్పనివి మాత్రమే రాస్తున్నాను.

నాది నిజామాబాద్. విశ్వవిద్యాలయం తరఫున సాఫ్ట్‌బాల్ ఆడాను. బేస్‌బాల్‌కు అది దగ్గరి చుట్టం. బంతి కొంచెం పెద్దది, మైదానం కొంచెం చిన్నది, మిగతాదంతా దాదాపు ఒకటే. మా ఆయనకు బర్ దుబాయ్‌లోని ఒక బట్టల వ్యాపార సంస్థలో లెక్కల ఉద్యోగం రావడంతో నేనూ వెళ్లాను. క్లబ్బుకు అప్పుడు ఆట తెలిసినవారు, తమ బిడ్డ ఆ క్లబ్బులో ఆడనివారు కావాలి. మాకు పిల్లలు లేరు. రెండో అర్హత మొదటిదానికన్నా ముఖ్యమైనదని చేరిన నెలలోనే అర్థమైంది.

పరీక్ష ఎలా జరుగుతుంది

ఏటా ఎండలు తగ్గుముఖం పట్టే రోజుల్లో ఒక శుక్రవారం ఉదయం పరీక్ష పెట్టేవాళ్లం. జుమ్మా నమాజు వేళకు మైదానం ఖాళీ కావాలి. ప్రతి పిల్లకూ వీపు మీద నంబరున్న బనీను ఇస్తాం. పరీక్షకుల దగ్గర నంబర్లే ఉంటాయి, పేర్లుండవు. పరీక్షాంశాలు ఐదు: పరుగు, నేల మీద దొర్లి వచ్చే బంతిని ఆపడం, గాలిలోంచి పడే బంతిని పట్టడం, విసరడం, బ్యాటింగ్. పరుగు మినహా ప్రతి చోటా ఐదు అవకాశాలు. ఒక్కో అంశానికి ఐదు మార్కుల లెక్కన ముగ్గురు పరీక్షకులు వేస్తారు. అందులో ఎక్కువదీ తక్కువదీ తీసేసి మధ్యది ఉంచుతాం. మొత్తం ఇరవై ఐదు.

తొమ్మిదేళ్ల దాకా పిల్లలు కింది విభాగంలో ఆడతారు. అక్కడ బ్యాటర్‌కు బంతి వేసేది యంత్రం. పదకొండు నిండినవారు పై విభాగం. అక్కడ బంతి వేసేది పిల్లలే, ఆ వేసేవారినే పిచర్ అంటారు. చిక్కంతా పదేళ్ల వాళ్లతోనే. పదిహేను మార్కులు దాటితేనే వాళ్లకు పై విభాగం. ఇది గొప్పతనానికి పెట్టిన గీత కాదు. పన్నెండేళ్ల పిల్లవాడు బలంగా కొట్టిన బంతి ముఖం మీదికి వస్తే చేయి అడ్డం పెట్టగలగాలి, అంతే.

ఆ తరువాత జట్ల పంపకం. పై విభాగంలో ఆరు జట్లు. ఆరుగురు కోచ్‌లూ జీతం లేని తల్లిదండ్రులే. ఒక గదిలో కూర్చుని వంతులవారీగా ఒక్కొక్క పిల్లను ఎంచుకుంటారు. మొదటి వంతులో ఆఖరున ఎంచుకున్నవారు రెండో వంతులో ముందు ఎంచుకుంటారు. దీంతో జట్లు సమానంగా తూగుతాయి.

ఇందులో ఒక మినహాయింపు ఉంది. కోచ్ బిడ్డ ఎవరూ ఎంచుకోకుండానే కోచ్ జట్టులోకి వస్తుంది. అయితే ఊరికే రాదు, ఒక వంతు ఖర్చవుతుంది. బిడ్డకు ఇరవై ఒకటి, అంతకు పైన వస్తే కోచ్ తన మొదటి వంతు వదులుకోవాలి. పద్దెనిమిది నుంచి ఇరవై దాకా వస్తే రెండో వంతు. అంతకన్నా తక్కువైతే ఆఖరి వంతు, అంటే దాదాపు ఉచితం. ఈ నిబంధన చదివినప్పుడు దాని పక్కన నేను ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

చూసే కన్ను చేసే తప్పులు

ఏ పరీక్షకుడికైనా పొడుగు పిల్లలంటే తెలియకుండానే అరమార్కు ఎక్కువ. కొత్త గ్లవ్ వేసుకున్న పిల్ల అంటే ఇంకొంచెం. నిజానికి కొత్త తోలు గట్టిగా ఉంటుంది, వేళ్లతో మూయడానికి రాదు, బంతి జారిపోతుంది. పరీక్ష ముందురోజు మాల్‌లో అన్నిటికన్నా ఖరీదైన గ్లవ్ కొనిపెట్టిన తండ్రి తన బిడ్డకు అపకారమే చేస్తున్నాడు. ఈ మాట చెబితే కోపగించుకున్నవాళ్లే ఎక్కువ. "దీని రేటు చూశారా మేడం?" అని ఒకాయన గ్లవ్ నా ముఖం ముందు ఊపారు. రేటు నేనూ చూశాను. బంతి చూడదు కదా.

ఇక మన పిల్లలు. మనవాళ్లు ఎక్కువగా ఉండే రోలా పేట నుంచి వచ్చిన ఒక కుర్రాడు గాలిలో బంతి లేవగానే గ్లవ్ ఊడదీసి, చంకలో ఇరికించుకుని, రెండు వట్టి చేతులతో పట్టేశాడు. ఐదుకు ఐదూ అలాగే పట్టాడు. ఇద్దరు పరీక్షకులు గ్లవ్ వాడలేదని ఒకటి వేశారు, ఒకరు ఐదు వేశారు. మధ్య మార్కు ఒకటి. బ్యాటింగ్‌లో బంతి కొట్టి, బ్యాట్ పట్టుకునే పరుగు తీశాడు. పరుగెత్తి చేరాల్సిన మొదటి బేస్ దగ్గర మోకాళ్ల మీద వంగి, బ్యాట్ కొసను బేస్‌కు ఆనించి, గర్వంగా మా వైపు చూశాడు.

మైదానానికి సున్నం గీతలు వేసే పోశెట్టిది జగిత్యాల దగ్గర పల్లె. కంచె దగ్గర నిలబడి మొత్తం చూశాడు.

"అరే భాయ్, ఆ బ్యాట్ ఇడిసిపెట్టి ఉరుకురా! ఎవ్వడు ఎత్కపోడు!" అని అరిచాడు.

"అట్లా వదిలేస్తే రనౌట్ అవుతాను అంకుల్!" అన్నాడు పిల్లవాడు.

"ఔట్ అయితవో, ఇంటికే పోతవో, ముందుగాల్ల ఉరుకు!"

మార్కుల ప్రకారం ఆ కుర్రాడు కింది విభాగానికి వెళ్లాడు. మూడు వారాల్లో గ్లవ్ అలవాటైంది. ఇక అక్కడి పిల్లలకు వాడితో ఆడటం శిక్ష అయింది. మేము కొలిచింది వాడి నేర్పును కాదు, వాడి క్రికెట్ అలవాటును. తరువాతి ఏడు నుంచి కొత్తవాళ్లకు పరీక్షకు ముందు గంటసేపు గ్లవ్ సాధన పెట్టించాం. మీరు వెళ్లే చోట కూడా ముందు అది పెట్టించండి.

మార్కు దిద్దని డైరెక్టర్

మా డైరెక్టర్ గ్రెగ్ అమెరికావాడు. పొడుగ్గా ఉండేవాడు, నవ్వు తక్కువ. ఆయన పట్టుదల ఒక్కటే. కాగితం మైదానం దాటి వచ్చాక మార్కు మార్చకూడదు. రాని పిల్లలకు, దెబ్బ తగిలిన పిల్లలకు మరుసటి శుక్రవారం రెండో పరీక్ష ఉంటుంది. మిగతావారికి లేదు. చేరిన కొత్తలో ఇది మొండితనం అనిపించింది. ఒక మార్కు దిద్దితే పదిమంది తల్లిదండ్రులు తలుపు ముందు నిలబడతారని రెండేళ్లకు తెలిసింది. ఆయన మీద నాకున్న ఫిర్యాదు వేరు. పిల్లలతో మాట్లాడేవాడు కాదు. ఎత్తు తగ్గించుకుని పలకరించడం ఆయనకు రాదు. అందుకే ఆ పని కూడా నా మీద పడింది. ఇప్పుడు చెప్పబోయే సహస్ర అనే పిల్ల వ్యవహారంలో అదే మేలైంది.

సహస్ర

రవికాంత్ గారు విజయవాడ నుంచి వచ్చిన ఇంజనీరు. పై విభాగంలో రెండేళ్లుగా కోచ్. మనిషి మంచివాడు, పిల్లలను తిట్టడు, నీళ్ల సీసాలు తనే మోస్తాడు. ఆయన కూతురు సహస్ర అప్పటిదాకా కింది విభాగంలో ఆడింది. 2014లో దానికి పదేళ్లు నిండాయి. వేసవి సెలవులంతా మాల్ పార్కింగ్‌లో తండ్రితో పిచింగ్ సాధన చేసింది. యంత్రం బంతి వేసే కింది విభాగంలో పిచర్‌కు పనే లేదు. కాబట్టి దానికి పై విభాగం అంటే ఒక మెట్టు పైకెక్కడం కాదు, తను కోరుకున్న ఆట దొరకడం. దొరకకపోతే ఆట మానేసి ఈతకు వెళ్తానని ఇంట్లో చెప్పేసిందట.

పరీక్ష రోజు పరుగులో నాలుగు తెచ్చుకుంది. నేల బంతుల దగ్గర మొదటి రెండూ కాళ్ల మధ్యగా పోయాయి. ఒకటి పట్టింది, ఒకటి జారింది, ఒకటి పట్టింది. గాలి బంతుల దగ్గరా అదే వరస. ప్రతి బంతికీ ముందు కంచె వైపు చూస్తోంది. కంచె అవతల రవికాంత్ గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. మొదట ఆయన ముఖం ప్రశాంతంగా ఉంది. బ్యాటింగ్ వచ్చేసరికి కంచె తీగల్లో వేళ్లు దూర్చి పట్టుకున్నారు.

అయిపోయాక పిల్లలు బనీన్లు బుట్టలో పడేసి వెళ్లిపోయారు. సహస్ర మాత్రం మడతపెట్టి నా చేతికిచ్చింది.

"కోచ్ ఆంటీ, నాకు సిక్స్‌టీన్ వచ్చింది కదా?"

"మార్కులు చెప్పకూడదు తల్లీ. అయినా పదహారే ఎందుకు?"

"నాన్న లెక్క వేశారు. పరుగులో నాలుగు, మిగతా చోట్ల మూడేసి. ఒక్కో చోట రెండే వదలమన్నారు. రెండే వదిలాను ఆంటీ, ప్రామిస్." మోచేత్తో కళ్లు తుడుచుకుంది. "తరువాత పట్టుకుందామంటే చెయ్యి రాలేదు."

ఆ పిల్ల చెప్పింది నిజం. బల్ల దగ్గరికి వెళ్లి మార్కులు కూడి చూశాను. పరుగు నాలుగు, నేల బంతి రెండు, గాలి బంతి రెండు, విసరడం మూడు, బ్యాటింగ్ రెండు. మొత్తం పదమూడు. పదహారు వస్తే తండ్రికి కూతురు ఆఖరి వంతులో దొరుకుతుంది, మొదటి వంతులో ఇంకో మేటి ఆటగాడు దొరుకుతాడు. లెక్క చక్కగానే వేశారు. కానీ కావాలని వదలడం మొదలుపెట్టిన చేయి ఆ తరువాత కావాలన్నా పట్టదు. ఆ సంగతి ఏ ఆటగాడికైనా తెలుసు. రవికాంత్ గారు ఏనాడూ ఆటగాడు కాదు.

ఆయన నా దగ్గరికి వచ్చేటప్పటికి చొక్కా చెమటతో తడిసింది.

"వసంత గారండీ, పాపకి రాత్రి నుంచి జ్వరమండీ. రెండో పరీక్షకి రాయండి, మీ పేరు చెప్పుకుంటాం."

"జ్వరం పాపకా, మీకా?"

"అదేంటండీ అలా అంటారు?"

"పదహారు రావాల్సింది పదమూడు వచ్చింది. ఒక్కో చోట రెండు వదలమన్న లెక్క పాపే చెప్పింది. తను తప్పు చేశానని కూడా అనుకోవడం లేదు. మీరు చెప్పినట్టు చేయలేకపోయానని ఏడుస్తోంది."

ఆయన అక్కడే గట్టు మీద కూర్చున్నారు. "కింది విభాగమేనా అండీ?" అన్నారు.

"ఈ కాగితం ప్రకారం అంతే."

"ఆట మానేస్తుందండీ. మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు."

"సాయంత్రంలోగా గ్రెగ్‌కు మీరే చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్పాలి."

ఆయనే చెప్పారు. ఇలాంటి విషయాల్లో నేను చూసిన తండ్రుల్లో ఎక్కువమంది పరీక్షకుల మీద పడ్డారు, లేదా పిల్ల మీద పడ్డారు. ఈయన తన మీద వేసుకున్నారు. అందుకే ఈ కథ రాయడానికి నాకు ఇబ్బంది లేదు.

తీర్పు

గ్రెగ్ రవికాంత్ గారినీ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టుకుని దారులు తూచాడు. కోచ్‌ను తీసేయడం తేలికే, కానీ తండ్రిని తీసేయించింది తనేనని ఆ పిల్ల అనుకుంటుంది. మార్కు దిద్దడం ఇంకా తేలిక, కానీ అది ఆయన చేయడు. చివరికి అన్నాడు: "శుక్రవారం పరీక్షలో ఆడింది పాప కాదు, నువ్వు. నీ పదమూడు నువ్వే ఉంచుకో. పాప ఇంకా పరీక్షకు రాలేదు కనుక రానివాళ్లతో కలిసి వస్తుంది. కోచ్ బిడ్డ మినహాయింపు ఈ ఏడాది నీకు లేదు. ఎవరైనా ఎంచుకోవచ్చు."

"ఎవరైనానా సార్?"

"ఎవరైనా. పదిహేను దాటితే."

అంతటితో అయిపోలేదు. రెండో శుక్రవారం కొత్త పరీక్షకులు, కొత్త నంబరు. నేను కాగితాలు అందించే బల్ల దగ్గర ఉన్నాను. సలహా ఇవ్వడానికి వీల్లేదు. పరుగు నాలుగు. నేల బంతుల దగ్గర మొదటిది చేతికి తగిలి పక్కకు పోయింది. రెండోది కాళ్ల మధ్యగా పోయింది. ఈసారి కావాలని కాదు. ప్రతి బంతికీ ముందు ఆ పిల్ల కళ్లు కంచె వైపే వెళ్తున్నాయి, కంచె దగ్గర ఆ ముఖం ఉంది. ఆ ముఖంలో ఏ భావం ఉన్నా దానికి ఆజ్ఞలాగే కనిపిస్తోంది.

రవికాంత్ గారికి అది అర్థమైంది. వెనక్కి తిరిగి, మైదానం తడిపే నీళ్ల ట్యాంకరు వెనక్కి వెళ్లి నిలబడ్డారు. అక్కడి నుంచి ఆయనకు మైదానం కనిపించదు.

సహస్ర మళ్లీ కంచె వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. ఒక క్షణం తికమక పడింది. అంతలో మూడో బంతి రానే వచ్చింది. పట్టేసింది. నాలుగోది, ఐదోది కూడా. గాలి బంతులు ఐదుకు ఐదు. విసరడంలో నాలుగు, బ్యాటింగ్‌లో నాలుగు.

ట్యాంకరు వెనక నుంచి పోశెట్టి గొంతు వినిపించింది: "సార్, మీరు ఇట్ల దాక్కుంటే నేను పైపు ఎట్ల గుంజాలె? పాప మంచిగనే ఆడుతుంది, సప్పుడు వినరాదా?"

మొత్తం ఇరవై. నేను రెండుసార్లు కూడి చూశాను, మూడోసారి గ్రెగ్ కూడాడు. మా ఇద్దరిలో ఎవరు ముందు నవ్వామో గుర్తులేదు.

పంపకం

పంపకం నాడు గదిలో ఆరుగురు కోచ్‌లు. మొదటి వంతులో రవికాంత్ గారిది ఐదో స్థానం, ఫిలిప్పీన్స్ నర్సు మారిసెల్‌ది ఆరోది. మొదటి నలుగురూ పన్నెండేళ్ల పొడుగు పిల్లలను ఎంచుకున్నారు. ఐదో స్థానం రాగానే అందరూ ఆయన వైపు తిరిగారు. సహస్ర ఇంకా మిగిలే ఉంది. ఇప్పుడు తీసుకోకపోతే మారిసెల్‌కు వరుసగా రెండు అవకాశాలు. ఆయన కూతురినే తీసుకుంటారని అందరం అనుకున్నాం.

"ఒమర్," అన్నారు ఆయన. ఒమర్ బలంగా కొట్టే కుర్రాడు.

మారిసెల్ ఆయన మాట ముగిసీ ముగియకముందే "సహస్ర!" అని కేకవేసింది.

తరువాత మెట్ల దగ్గర అడిగాను, "అదేమిటండీ, చేతిలోకి వచ్చిన పిల్లను?"

"పాపే అడిగిందండీ. 'నాన్నా, ఈసారి నన్ను తీసుకోకు' అంది. ఎందుకే అంటే, 'మీ టీమ్ మీద పిచింగ్ చెయ్యాలి' అంది." ఆయన తల గోక్కున్నారు. "కక్షో, సరదానో తెలీట్లేదండీ."

"రెండూ అయ్యుంటాయి."

"అవునండీ, వాళ్లమ్మ పోలిక."

కోచ్ బిడ్డ నిబంధన పక్కన నేను పెట్టుకున్న ప్రశ్నార్థకాన్ని గ్రెగ్‌కు చూపించాను. మరుసటి ఏడు నుంచి కోచ్ బిడ్డ ధరను పరీక్ష మార్కుతో కాక, గత ఏడాది బిడ్డను నడిపిన కోచ్ అభిప్రాయంతో నిర్ణయించారు. దీనిలోనూ లోపాలున్నాయి. కానీ పిల్లకు ఆడకుండా ఉండమని చెప్పే అవసరం ఏ తండ్రికీ లేకుండా పోయింది. మీరు ఎక్కడ పని చేసినా ముందు చూడాల్సింది ఇదే: మీ నిబంధనల్లో ఏది పిల్లను ఓడిపొమ్మంటోంది?

ఆట

ఆ చలికాలంలో ఒక శుక్రవారం రెండు జట్లూ తలపడ్డాయి. ఆ రోజు నాకు పని లేదు, చూడటానికే వెళ్లాను. సహస్ర పిచింగ్ చేస్తోంది. మొదటి ఇద్దరిని అవుట్ చేసింది. మూడోవాడు ఒమర్. రెండో బంతిని ఎత్తి కొట్టాడు. బంతి కంచె దాకా దొర్లింది. ఒమర్ మొదటి బేస్ దాటాడు, రెండోది దాటాడు, మూడో బేస్ వైపు వస్తున్నాడు. అక్కడ నిలబడి పరుగెత్తేవాళ్లకు ఆగమనో, వెళ్లమనో చెప్పడం రవికాంత్ గారి పని. బంతి ఇంకా దూరంలోనే ఉంది. ఆగమంటే పరుగు రాదు, కూతురి లెక్కలో మచ్చ పడదు. వెళ్లమంటే పడుతుంది.

ఆయన చేయి భుజం నుంచి చక్రంలా తిరిగింది. "యల్లా, యల్లా! ఆగకు ఒమర్, ఇంటికి పో!"

ఒమర్ దుమ్ములో జారుతూ ఆ ఇంటికి, అంటే బ్యాటర్ బయల్దేరిన హోమ్ బేస్‌కు, చేరాడు. పరుగు లెక్కలోకి వచ్చింది.

సహస్ర నడుము మీద చేతులు పెట్టుకుంది. "నాన్నా! కొంచెం ఆపొచ్చుగా!"

"ఆపను. నువ్వు అవుట్ చెయ్యి."

"చూస్తూ ఉండు!"

తరువాతి బ్యాటర్ మూడే బంతులకు అవుటయ్యాడు. రవికాంత్ గారు చప్పట్లు కొట్టబోయి, పక్కనే తన జట్టు పిల్లలు తననే చూస్తున్నారని గమనించి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నారు.